కెమెరాకి కట్టిన గడియారం

వాటర్‌ప్రూఫ్ అన్న మాటని నేను నమ్మను. ఇరవై రెండేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాను. వెనక మూత మీద ముప్ఫై మీటర్లు, యాభై మీటర్లు అని దర్జాగా చెక్కి ఉన్న గడియారాల్లోంచి నీళ్ళు వంపి, తుడిచి, ఆరబెట్టి ఇచ్చినవి ఎన్నో లెక్కే లేదు. "చేతులు కడుక్కున్నానంతే" అంటారు తెచ్చినవాళ్ళు. అదీ నమ్మను. ఈ పనిలో అనుమానం కూడా స్క్రూడ్రైవర్ లాంటి పనిముట్టే. కాకపోతే సాయంత్రం దుకాణానికి తాళం వేసేటప్పుడు మిగతా పనిముట్లతో పాటు దాన్నీ సొరుగులో పెట్టి రావాలి. నేనెప్పుడూ ఇంటికి తెచ్చుకునేదాన్ని.

మా ఆయన లిఫ్టుల మెకానిక్. యాభై దాటాడు. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక పొద్దున, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, "రేవు దగ్గర స్కూబా డైవింగ్ నేర్పుతున్నారు. ఆదివారాలు. నేను చేరాను," అన్నాడు. చేరనా అని కాదు, చేరదామనుకుంటున్నా అని కూడా కాదు, చేరాను అని.

"నువ్వా?" అంది మా అమ్మాయి. దానికి పదహారేళ్ళు. నవ్వాపుకోలేక బ్రెడ్డు ముక్క పళ్ళెంలో పడేసింది. "వీపుకి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దూకుతావా నాన్నా?"

"ముప్ఫై ఏళ్ళుగా మేడలు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. గ్రౌండ్ ఫ్లోరు కింద ఏముందో ఒకసారి చూద్దామని."

అమ్మాయి ఇంకా నవ్వింది. నేను నవ్వలేదు. రెండేళ్ళ కిందట ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా ఐదు నెలలు రోజూ టూల్ బాక్సు పట్టుకుని టైముకి బయల్దేరి, లైబ్రరీలో కూర్చుని, టైముకి ఇంటికొచ్చాడు. బ్యాటరీ వేయించుకోవడానికొచ్చిన ఒక ముసలాయన చెబితే నాకు తెలిసింది. "మీ ఆయన నాకంటే ముందే పేపరు పట్టేస్తాడమ్మా," అన్నాడు పాపం, నవ్వుతూ. ఉద్యోగం పోయినందుకు నాకు బాధ లేదు. పోతాయి, వస్తాయి. వచ్చింది కూడా. ఐదు నెలలు నా చేత క్యారియర్ కట్టించుకున్నందుకు కడుపు మండిపోయింది. "ఇంకొక్క అబద్ధం. అంతే. నేనీ ఇంట్లో ఉండను," అన్నాను. ఆయన సరేనని తలూపాడు.

అందుకే ఆయన ఆదివారాల మాట ఎత్తిన వారంలోనే నేను దుకాణం వెనక గది ఖాళీ చేయించాను. ఎవరూ తీసుకెళ్ళని గోడ గడియారాలు తీసేసి, సున్నం వేయించి, వడ్రంగికి చెప్పి ఒక మనిషికి సరిపడే మంచం చేయించి వేయించాను. అడిగినవాళ్ళకి స్టాకు గది అన్నాను. ఇంట్లో అసలు చెప్పలేదు.

డైవింగ్‌కి వెళ్ళే మనిషికి గడియారం ఉండాలి కదా. మూడు ఆదివారాలు గడిచాక ఒక పాతదానికి రబ్బరు రింగులన్నీ నా చేత్తో మార్చి, ప్రెషర్ డబ్బాలో పరీక్ష చేసి ఇచ్చాను. "వంద మీటర్లు. ఇది కంపెనీ మాట కాదు, నా మాట," అన్నాను. ఆయన ముచ్చటపడి అప్పుడే పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్ళేవాడు, మధ్యాహ్నం ఎండకి మాడి వచ్చేవాడు. అమ్మాయి గుమ్మంలోనే అడిగేది, ఎంత లోతని. పన్నెండు మీటర్లు అనేవాడు. ఒక్కోసారి పద్నాలుగు.

ఏప్రిల్‌లో ఒక సోమవారం ఆ గడియారాన్ని ఆయనకి చెప్పకుండా దుకాణానికి పట్టుకెళ్ళాను. కంటికి భూతద్దం బిగించుకుని గొలుసు లింకులు ఒక్కొక్కటీ విప్పాను. సముద్రంలో దిగిన గడియారాన్ని ఎంత కడిగినా లింకుల మధ్య సూది మొనంత ఉప్పు ఉండి తీరుతుంది. చేపల వలల వాళ్ళ గడియారాలు ఎన్ని విప్పలేదు నేను! దీంట్లో ఉప్పు కణం లేదు. మా ఇంటి దుమ్ము మాత్రం ఉంది.

ఆ మరుసటి ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళగానే తడి తువ్వాలు పిండి, నాలిక్కి తగిలించి చూశాను. సిగ్గుచేటే గాని చూశాను. మంచినీళ్ళు.

నిలదీసి అడగొచ్చు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు, చెప్పింది నమ్మాలో వద్దో మళ్ళీ నేనే తేల్చుకోవాలి. ఆ తలనొప్పి నాకొద్దు. ఆయన నోటి మాటతో పని లేని సాక్ష్యం ఒకటి కావాలి. ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అన్నాను. "అంత లోతుకి వెళ్తున్నారు, మాకేమీ చూపించరు. ఒక కెమెరా కొనుక్కుందాం."

ఆయన నీళ్ళు నమిలాడు. "కొత్తవాళ్ళు కెమెరా పట్టుకోకూడదంటారు. నీళ్ళలో పైకి తేలకుండా, కిందకి మునగకుండా ఒక్కచోట నిలబడ్డం రావాలి ముందు. కెమెరా ఉంటే ధ్యాసంతా దాని మీదే ఉండి, పక్కవాణ్ణి మర్చిపోతారట."

"రెండు నెలలైంది. ఇంకా నిలబడ్డం రాలేదా?"

"వచ్చిందనుకో."

"అయితే కొందాం," అంది అమ్మాయి. అది నిజంగా సరదాపడింది. నేను సరదా నటించాను.

కెమెరా షాపు అతను సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నా దగ్గర గడియారం బాగుచేయించుకున్న మనిషే. మేం ముగ్గురం స్టూళ్ళ మీద కూర్చున్నాం. అతను బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టెకి అన్నలా ఉండే చిన్నది, తలకి కట్టుకునేది. రెండోది ఏ డబ్బా అక్కర్లేకుండా దానంతటదే నీళ్ళలో దిగేది. మూడోది మామూలు చిన్న కెమెరా, దానికి విడిగా దళసరి ప్లాస్టిక్ తొడుగు.

"ఇది పదిహేను మీటర్లండీ. తొడుగూ గిడుగూ ఏమీ అక్కర్లేదు," అన్నాడు రెండోది చూపిస్తూ.

"ఎవరు చెప్పారు పదిహేనని?"

"కంపెనీ వాళ్ళు."

"కొత్తగా ఉన్నప్పుడు పదిహేను. బ్యాటరీ మూత పదిసార్లు తెరిచి మూసాక?"

అతను నన్ను చూసి, దాన్ని నెమ్మదిగా పక్కకి జరిపాడు. నీళ్ళ అడుగున ఫోటోలు తియ్యడం మీద ఒక పుస్తకం సంపాదించి ఇంటి దగ్గర వారం రోజులు చదివాను నేను. తొడుగుకి రింగులు ఒకటా రెండా అని అడిగాను. రింగు ఏ రంగు, నల్లదైతే దాని మీద వెంట్రుక పడ్డా కనబడదు కదా అన్నాను. బటన్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాను, ఎందుకంటే బటన్ అంటే ఒక కన్నం, నీళ్ళు ముందు అక్కణ్ణించే వస్తాయి. తొడుగు నలభై మీటర్ల వరకూ ఆగుతుందన్నాడు. ఇరవైకి ఆగితే చాలనుకున్నాను. చెప్పినదాంట్లో సగం నమ్మడం నా పద్ధతి.

"ఇంకో సంగతి సార్," అన్నాడు అతను మా ఆయనతో. "కిందకి వెళ్తే కంటికి ముందు పోయేది ఎరుపు రంగు. మీరు చూసే ఉంటారుగా. లైటు కూడా తీసుకుంటే రంగులు వస్తాయి. మీకు ఎరుపు ఏ లోతులో పోతోంది అక్కడ?"

మా ఆయన నా వైపు చూశాడు. అమ్మాయి వైపు చూశాడు. "ఎరుపా," అన్నాడు. "పోతుంది. బాగానే పోతుంది."

"ఐదారు మీటర్లకే మసకబారుతుంది. పది దాటితే నల్లగా కనపడుతుంది," అన్నాను నేను.

"మేడమ్ కూడా డైవింగ్ చేస్తారా?"

"చెయ్యను. చదువుతాను."

మా ఆయన చెవులు కందిపోయాయి. లైటు వద్దన్నాడు, మొదట్లోనే అంత సరంజామా దేనికన్నాడు. నేను కాదనలేదు. మూడోది తీసుకున్నాం. కెమెరా లేకుండా ఒట్టి తొడుగుని ఒకసారి కిందకి తీసుకెళ్ళండి, లోపల ఒక టిష్యూ కాగితం పెట్టండి, పొడిగా వస్తే మరుసటి వారం నించి కెమెరా పెట్టుకోండి అని అతను మరీ మరీ చెప్పాడు. దుకాణం మెట్లు దిగుతుంటే అమ్మాయి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఊపుతూ నడిచింది. ఆయన నడక ఆస్పత్రికి వెళ్తున్నవాడి నడక.

తొడుగు పొడిగా వస్తే తొడుగు మంచిదని తెలుస్తుంది, లోతుకి దిగిందో లేదో తెలీదు. దానికి నా ఉపాయం నాకుంది. పాత ఆడవాళ్ళ గడియారం కేసు ఒకటి తీసి, లోపలి యంత్రం పీకేసి, పల్చటి ప్లాస్టిక్ అద్దం బిగించాను. అలాంటివే నాలుగు చేసి ప్రెషర్ డబ్బాలో పెట్టి చూశాను. ఐదు మీటర్ల ఒత్తిడికి ఒక్కటీ చలించలేదు. పది దగ్గర నాలుగూ లోపలికి చితికిపోయాయి. ఐదోది పాలిష్ చేసి, కెమెరా తొడుగు పట్టీకి లాకెట్‌లా వేలాడదీశాను.

"బాగుంది. ఏమిటిది?" అన్నాడు ఆయన.

"గుర్తుకి," అన్నాను.

ఆయన దాన్ని వేళ్ళ మధ్య కాసేపు తిప్పి చూసి, సంచిలో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం దుకాణం వెనక గదికి ఇంట్లోంచి ఒక దిండు, దుప్పటి పట్టుకెళ్ళాను. మంచం మీద పరిచి, కూర్చుని చూశాను. కిటికీలోంచి పక్కింటి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. అమ్మాయి నాతో వస్తుందా, ఆయనతో ఉంటుందా అని మొదటిసారి ఆలోచన వచ్చింది. వెంటనే లేచి ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం ఆయన సంచి బల్ల మీద పెట్టాడు. ముందు తొడుగు తెరిచాను. టిష్యూ కరకరలాడుతోంది. తరవాత లాకెట్ చూశాను. అద్దం లోపలికి చితికి, కేసు నిండా ఉప్పునీళ్ళు.

నా ఆనందం నేను చెప్పుకోలేను. పది మీటర్లు! మనిషి నిజంగానే దిగుతున్నాడు! గడియారం దేనికో విప్పి పక్కన పెట్టుంటాడు. తువ్వాలు పంపు దగ్గర తడుపుకుని ఉంటాడు. ఆ మనిషి మీద ఎన్ని ఆలోచించాను, ఛీ అనుకున్నాను. ఆ సాయంత్రమే దిండు వెనక్కి తెచ్చేసి, ఆయన తల కింద పెట్టాను.

"ఏమిటివాళ, ఇంత ప్రేమ?" అన్నాడు.

"పడుకోండి," అన్నాను.

ఆ సంబరం సరిగ్గా ఒక వారం. లాకెట్ చితికిపోయిందే అని అమ్మాయి అంటే, పాత అద్దం, తగిలి ఉంటుందని చెప్పి ఇంకోటి కట్టాను. అనుమానంతో కాదు, అలవాటుకొద్దీ. మరుసటి ఆదివారం ఆయన ఫోటోలతో వచ్చాడు. ఇరవై ఒకటి. చారల చేప, రాయి సందులోంచి తొంగిచూసే పీత, గొడుగులా తెరుచుకున్న ఏదో జంతువు. అన్నీ నీలంగా ఉన్నా, ఒక్క ఫోటో కూడా మసకగా లేదు. అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఒకదాని తరవాత ఒకటి పెద్దవి చేసి చూస్తోంది.

"నాన్నా, ఇక్కడ నీ గోళ్ళేంటి, ఇంత నల్లగా ఉన్నాయి?"

ఫోటో అంచున, చేప వైపు చూపిస్తూ ఒక చెయ్యి ఉంది. ఎడమ చెయ్యి, అంటే కెమెరా కుడిచేతిలో పట్టుకున్నవాళ్ళదే. వేళ్ళు సన్నగా ఉన్నాయి. గోళ్ళు నల్లగా ఉన్నాయి.

"నీళ్ళలో అలాగే కనపడతాయి," అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

నీళ్ళలో నల్లగా కనపడేది ఏమిటో నాకు బాగా తెలుసు. షాపులో ఆయన బదులు సమాధానం చెప్పింది నేనే కదా. ఆ గోళ్ళ రంగు ఎరుపు. నేను ఏరి కోరి కొన్న కెమెరా ఎవరో ఎర్ర గోళ్ళావిడ చేతిలో ఉంది. కెమెరా పది మీటర్లు దిగింది నిజమే. మా ఆయన దిగాడని నాకెవరు చెప్పారు? నేనే చెప్పుకున్నాను.

ఆ వారం ఆయనతో మామూలుగానే ఉన్నాను. అన్నం పెట్టాను, కబుర్లు చెప్పాను. దిండు మాత్రం మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. ఈసారి రెండు చీరలు, నా కళ్ళజోడు, అమ్మ ఫోటో కూడా వెళ్ళాయి. శనివారం మూడో లాకెట్ కట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన థాంక్స్ అన్నాడు.

ఆదివారం ఆయన వెళ్ళిన గంటకి నేనూ బయల్దేరాను. రేవు పక్కన సముద్రంలోకి రాళ్ళ గట్టు ఉంది. గట్టు చివరికి నడిస్తే పడవ నలభై అడుగుల దూరంలో లంగరు వేసి ఉంది. గాలి లేదు, మాటలన్నీ వినపడుతున్నాయి. ఒక పెద్ద రాయి చాటున కూర్చున్నాను. ఈ వయసులో మొగుణ్ణి రాయి చాటునించి చూడాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది.

మా ఆయన మామూలు చొక్కా, లుంగీతో పడవ మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక చెక్క పలక, దానికి మేకులు, మేకులకి అంకెలు వేసిన బిళ్ళలు. పలక పైమేకుకి నేనిచ్చిన గడియారం వేలాడుతోంది. నల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు వరసగా వస్తున్నారు. ఒక్కొక్కళ్ళ గాలి ఎంతుందో మీటరు చూసి, బిళ్ళ తగిలించి, టైము కాగితం మీద రాసుకుని, వీపు మీద తట్టి దింపుతున్నాడు. ఆఖర్న ఒక ఆడమనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆయన ఆవిడ చేతికి మా కెమెరా ఇచ్చి, లాకెట్ చూపించి ఏదో చెప్పాడు. ఆవిడ తలూపి నీళ్ళలోకి వెనక్కి ఒరిగింది. ఎండలో గోళ్ళు ఎర్రగా మెరిశాయి.

అందరూ మునిగాక ఆయన కూర్చోలేదు. ముప్ఫై ఐదు నిమిషాలు నిలబడే ఉన్నాడు. బుడగలు ఎక్కడ తేలుతున్నాయో చూసుకుంటూ పడవ ఈ కొస నించి ఆ కొసకి నడిచాడు. పడవ నడిపే సరంగు టీ ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. తరవాత ఒక్కొక్క తలా లేచింది. బిళ్ళలు దిగాయి. మేకుకి ఒకటి మిగిలింది.

"అందరూ వచ్చేశారు, ఇంజన్ వెయ్యనా?" అన్నాడు సరంగు.

"ఆరో నంబరు రాలేదు."

"వచ్చాడు బాబాయ్, అవతలి వైపు నిచ్చెన దగ్గర ఉన్నాడు," అని ఎవరో అరిచారు.

"నేను చూళ్ళేదు. మొహం చూపించమను."

"ఇక్కడే ఉన్నానండీ!" అని పడవ అవతలి నించి గొంతు వినపడింది.

"గొంతు కాదు నాయనా, మొహం!"

అందరూ నవ్వారు. అనుమానం బాబాయ్, అనుమానం బాబాయ్ అని కేకలు వేశారు. మా ఆయన నవ్వలేదు. ఆరో నంబరు కుర్రవాడు అలా చుట్టూ ఈదుకుంటూ వచ్చి మాస్కు తీసి మొహం చూపించాకే ఆఖరి బిళ్ళ తీశాడు. మా ఇంట్లో అనుమానం మనిషిని నేననుకున్నాను ఇన్నాళ్ళూ.

పడవ రేవుకి వచ్చేసరికి నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. దాక్కోవడానికి ఓపిక లేదు. ఎర్ర గోళ్ళావిడ ముందు దిగి, నేనెవరో తెలీక, వెనక్కి తిరిగి ఆయనకి కెమెరా అందించింది. "ఇదిగో బాబాయ్, మీరు చెప్పినట్టే పది దాటించాను. గాజు మళ్ళీ చితికింది. అసలిది దేనికో ఇవాళైనా చెప్తారా లేదా?"

ఆయన కెమెరా అందుకుంటూ నన్ను చూశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అదిగో," అన్నాడు. "ఆవిడే చెప్పాలి."

ఆ ఎర్ర గోళ్ళావిడ లెక్కల టీచరట. నమస్కారం పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి, ఏదో పనున్నట్టు వెళ్ళిపోయింది. మేం రేవు బల్ల మీద కూర్చున్నాం. మధ్యలో కెమెరా.

"మీకెప్పుడు తెలిసింది, లాకెట్ సంగతి?"

"కట్టిన రోజే. నీ దుకాణంలో ఆ ప్రెషర్ డబ్బా ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. మంచి కేసుకి నువ్వు ప్లాస్టిక్ అద్దం వేస్తావా, ఊరికే?"

"తెలిసీ కిందకి పంపారు."

"పంపాను. చితక్కుండా తెస్తే నువ్వు వెళ్ళిపోతావు కదా."

"దిగడం ఎప్పుడు మానేశారు?"

"రెండో ఆదివారం. నాలుగు మీటర్ల దగ్గర చెవిలో సూదితో పొడిచినట్టయింది. పైకొస్తే రక్తం. డాక్టరు ఇంక జన్మలో దిగొద్దన్నాడు. సరంగు పలక చూసుకునేవాడు కావాలన్నాడు. సర్లెమ్మని ఉన్నాను. బావుంది కూడా. లిఫ్టులో మనుషులున్నప్పుడు ఎలా చూసుకుంటామో ఇదీ అంతే."

"చెవి పాడైతే చెప్పడానికి ఏమైంది? నేను కాదంటానా? నవ్వుతానా?"

"నవ్వేదానివి. నవ్వినా బావుండేది." ఆయన అరచేతులు చూసుకుంటూ మాట్లాడాడు. "చెప్దామనే వచ్చాను ఆ రోజు. గుమ్మంలో అమ్మాయి ఎదురొచ్చి ఎంత లోతు నాన్నా అంది. దాని మొహం చూసి పన్నెండు అనేశాను. అనగానే తెలిసింది. ఇంకొక్క అబద్ధం అన్నావు కదా నువ్వు. ఆ ఒక్కటీ అయిపోయింది. ఇంక నిజం చెప్పినా వెళ్తావు, చెప్పకపోయినా వెళ్తావు. చెప్పకపోతే కాస్త ఆలస్యంగా వెళ్తావని..."

నాకు కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ కోపం కింద ఇంకేదో కదిలింది, దాని పేరు సిగ్గని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. "లేవండి," అన్నాను. "దుకాణానికి రండి. మీకొకటి చూపించాలి."

ఆదివారం కాబట్టి వీధంతా మూసి ఉంది. షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి వెళ్ళాం. వెనక గది తలుపు తీశాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. మంచం, దుప్పటి, దిండు, మేకుకి రెండు చీరలు, కిటికీ గూట్లో అమ్మ ఫోటో.

"ఇదెప్పుడు చేయించావు?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పోయిన వారం అంటే సరిపోయేది, నమ్మేవాడు.

"ఫిబ్రవరిలో."

ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "అప్పటికి నేనింకా నీళ్ళలో కాలు కూడా పెట్టలేదు."

"పెట్టలేదు."

"అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. అందరికీ స్టాకు గదని చెప్పాను."

ఆయన వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బావుండుననుకున్నాను. దుప్పటి ముడత ఒకటి సాపు చేసి, "గట్టిగానే చేశాడు వడ్రంగి," అన్నాడు. "ఇద్దరికి చాలదు."

"ఒకళ్ళకనే చెప్పి చేయించాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోకుండానే. నేను పక్కన కూర్చోలేదు. కూర్చోవాలనిపించింది, మంచం నిజంగానే చాలదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళిన చప్పుడు వచ్చి పోయింది.

"అమ్మాయికి చెప్పాలి," అన్నాడు కాసేపటికి. "నా పన్నెండు మీటర్ల సంగతి నేను చెప్తాను."

"గది సంగతి నేను చెప్తాను."

"తీసేద్దామా ఇదంతా?"

తీసేద్దాం అంటే ఆ క్షణానికి ఇద్దరికీ హాయిగా ఉండేది. కానీ నన్ను నేను ఎరుగుదును. తీసేసినా ఇంకో గది ఎక్కడో వెతుక్కుంటాను, ఆయనకి తెలీకుండా. "వద్దు. ఉండనివ్వండి," అన్నాను. బల్ల సొరుగు తెరిచి గది తాళానికి ఉన్న రెండో చెవి తీసి, ఆయన చేతిలో పెట్టాను.

"ఇది నాకెందుకు?"

"నేనెప్పుడైనా ఇక్కడికొస్తే, చెప్పే వస్తాను. మీరొచ్చి తలుపు తీసుకోండి."

ఆయన ఆ చెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం వేసి, తీసి, మళ్ళీ వేసి తీసి, చెవి నిజంగా పడుతోందో లేదో చూసుకుని అప్పుడు జేబులో వేసుకున్నాడు.